మరో భూమి ఉందా? మేడ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. చలికాలం వచ్చిందంటే శని, ఆదివారాల్లో అపార్ట్‌మెంట్ల మేడల మీద, బడి ఆవరణల్లో చిన్న టెలిస్కోపు పెట్టి ఆకాశం చూపిస్తాను. చందమామ మీది గుంతలు, గురుగ్రహం చుట్టూ ఉన్న ఉపగ్రహాలు చూడడం అయ్యాక జనం అడిగే ప్రశ్నలు చివరికి ఒకచోటికే చేరతాయి: వేరే చుక్కల దగ్గర మన భూమిలాంటిది ఇంకొకటి ఉందా? వెనక క్యూ ఉంటుంది, పిల్లలు తోసుకుంటూ ఉంటారు, రెండు నిమిషాల్లో చెప్పే జవాబులో సగం గాలికి పోతుంది. అందుకే ఆ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి తీరుబడిగా రాస్తున్నాను.

"నివాసయోగ్య గ్రహం" అంటే మనం వెళ్లి ఉండొచ్చనా?

కాదు. అన్నిటికంటే ముందు ఈ ప్రశ్నే రాయడానికి కారణం, మిగతా అపోహలన్నీ ఈ ఒక్క మాట నుంచే పుట్టడం. పేపర్లో "నివాసయోగ్యం" అని కనిపించగానే మన మనసులో టులెట్ బోర్డు పెట్టిన ఇల్లు మెదులుతుంది. శాస్త్రవేత్తలు ఆ మాటను చాలా చిన్న అర్థంలో వాడతారు. ఆ గ్రహం తన నక్షత్రానికి మరీ దగ్గరగా లేదు, మరీ దూరంగా లేదు. దాని మీద తగిన వాతావరణం గనక ఉంటే నీరు ఆవిరైపోకుండా, గడ్డకట్టకుండా నేల మీద నిలవగలదు. అంతే. ఆ దూరాల మధ్య ఉన్న ప్రాంతాన్నే నివాసయోగ్య మండలం అంటారు.

ఆ "గనక" చాలా పెద్దది. మన చందమామనే చూడండి. సూర్యుడి నుంచి భూమి ఎంత దూరమో చంద్రుడూ ఇంచుమించు అంతే దూరం. అంటే చంద్రుడూ నివాసయోగ్య మండలంలోనే ఉన్నాడు. అక్కడ పగలు 120 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుతుంది, రాత్రి సున్నాకు వంద డిగ్రీల కంటే ఇంకా కిందికి పోతుంది, గాలి అన్నదే లేదు. దూరం ఒకటే, బతుకు వేరు.

మన భూమి సంగతీ తమాషాగా ఉంటుంది. సూర్యుడి నుంచి వచ్చే వేడిని మాత్రమే లెక్కేస్తే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలు రావాలి. నిజంగా ఉన్నది సుమారు 15 డిగ్రీలు. మధ్యలో ఉన్న ఆ 33 డిగ్రీలూ మన వాతావరణం కప్పిన దుప్పటి. అదే దుప్పటి మరీ మందమైతే శుక్రుడిలా అవుతుంది: 460 డిగ్రీలు, సీసం కరిగిపోయే వేడి. మరీ పలచబడితే అంగారకుడు. అక్కడ ఒకప్పుడు నీరు పారిన జాడలు ఇప్పటికీ కనిపిస్తాయి, పారే నీరు మాత్రం లేదు.

అందుకే నేను పిల్లలకు చెప్పేటప్పుడు "నివాసయోగ్యం" అనను, "నీరు నిలిచే దూరంలో ఉన్న గ్రహం" అంటాను. మాట పొడవే, కానీ మోసం చేయదు.

ఇప్పటివరకు ఎన్ని గ్రహాలు దొరికాయి?

వేరే నక్షత్రాల చుట్టూ తిరుగుతున్నవి, గట్టిగా నిర్ధారించినవి 6,000 దాటాయి. 2022 మార్చిలో 5,000 దాటితే, 2025 సెప్టెంబరులో 6,000 దాటాయి. వాటిలో ఎక్కువ భాగం గురుడిలాంటి, నెప్ట్యూన్‌లాంటి పెద్ద గ్రహాలు, లేదా నక్షత్రానికి అతుక్కుపోయినట్టు తిరుగుతూ మాడిపోతున్న గ్రహాలు. రాతి నేల ఉండే పరిమాణంలో ఉండి, నీరు నిలిచే దూరంలోనూ ఉన్నవి పదుల్లోనే ఉన్నాయి.

కంటికి కనిపించని గ్రహాన్ని ఉందని ఎలా చెబుతారు?

ముందు ఇది ఎంత కష్టమో ఒక లెక్క. సూర్యుణ్ని చిన్న కొబ్బరి బోండాం అంత, అంటే 14 సెంటీమీటర్ల బంతి అనుకుని చార్మినార్ దగ్గర పెట్టండి. భూమి 15 మీటర్ల దూరంలో ఒక ఆవగింజ. మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి ఎక్కడ ఉంటుందో తెలుసా? ఇంచుమించు బాగ్దాద్‌లో, 4,000 కిలోమీటర్ల అవతల, ఒక ఉసిరికాయంత. ఆ ఉసిరికాయ పక్కన తిరిగే ఆవగింజను చార్మినార్ దగ్గర నిలబడి పట్టుకోవాలి. పైగా మన సూర్యుడిలాంటి నక్షత్రమైతే, మామూలు కాంతిలో దాని వెలుగు భూమిలాంటి గ్రహం వెలుగుకు దాదాపు వెయ్యి కోట్ల రెట్లు.

కాబట్టి చాలావరకు గ్రహాన్ని చూడరు, దాని వల్ల నక్షత్రంలో వచ్చే మార్పును చూస్తారు. ముఖ్యమైన పద్ధతులు రెండు.

మొదటిది, నీడ. 2012 జూన్ 6 ఉదయం శుక్రుడు సూర్యబింబం మీదుగా చిన్న నల్ల చుక్కలా దాటాడు. మన దేశంలో సూర్యోదయం నుంచి పది గంటలు దాటేవరకు అది సాగింది. గ్రహణం కళ్లజోళ్లు పెట్టుకుని చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అదే పని వేరే నక్షత్రం దగ్గర జరిగితే చుక్క కనిపించదు గానీ, నక్షత్రం వెలుగు కాసేపు కొంచెం తగ్గుతుంది. గురుడంత గ్రహం సూర్యుడంత నక్షత్రానికి అడ్డొస్తే తగ్గేది ఒక శాతం. భూమి అంత గ్రహం అడ్డొస్తే పది లక్షల రూపాయల్లో 84 రూపాయలు తగ్గినట్టు. ఆ 84 రూపాయల తేడా పట్టుకోవడానికే కెప్లర్ టెలిస్కోపును 2009లో అంతరిక్షంలోకి పంపారు. అది హంస, వీణ రాశుల వైపు ఒకేచోట కళ్లార్పకుండా నాలుగేళ్లు చూసింది. లక్షన్నరకు పైగా నక్షత్రాల వెలుగును ఒకేసారి కొలిచింది. 2018లో ఇంధనం అయిపోయి ఆగేసరికి దాని ఖాతాలో 2,600కు పైగా గ్రహాలు ఉన్నాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో టెస్ అనే మరో టెలిస్కోపు వెళ్లింది. అది దాదాపు ఆకాశమంతా కలియతిరిగి దగ్గరి నక్షత్రాలను చూస్తోంది.

ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది. గ్రహం కక్ష్య మనకు సరిగ్గా అంచు చూపిస్తూ ఉంటేనే నీడ పడుతుంది. భూమి, సూర్యుడి లాంటి జంటకు ఆ అవకాశం 200లో ఒకటి. అంటే ఒకటి దొరికిందంటే దొరకకుండా ఉన్నవి దాని వెనక చాలానే ఉన్నాయి. ఇంకో సంగతి, ఒక్కసారి వెలుగు తగ్గితే నమ్మరు. సమానమైన వ్యవధిలో మూడుసార్లు తగ్గాలి. భూమిలాంటి దానికైతే కనీసం రెండేళ్లకు పైగా కాపలా కాయాలన్నమాట.

రెండోది, ఊగడం. గ్రహం నక్షత్రం చుట్టూ తిరుగుతుందని చెప్పుకుంటాం గానీ, నిజానికి రెండూ ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతాయి. చిన్నపిల్లల చేతులు పట్టుకుని గిరగిరా తిప్పితే మనమూ కొంచెం ఊగుతాం కదా, అలాగ. నక్షత్రం మన వైపు వచ్చేటప్పుడు దాని కాంతి కాస్త నీలం వైపుకు, వెనక్కి పోయేటప్పుడు కాస్త ఎరుపు వైపుకు జరుగుతుంది. గురుడు సూర్యుణ్ని సెకనుకు సుమారు 12 మీటర్ల వేగంతో ఊపుతాడు. భూమి ఊపేది సెకనుకు 9 సెంటీమీటర్లు. పాకే పసిపాప అంతకంటే వేగంగా పోతుంది! నక్షత్రం ఉపరితలమే మరిగే పప్పులా పొంగుతూ దిగుతూ ఉంటుంది కాబట్టి, ఆ అలజడిలో 9 సెంటీమీటర్లను వేరు చేయడం ఈ రంగంలో ఇప్పటికీ తేలని కష్టం.

1995లో మిషెల్ మాయర్, దిదియే కెలో అనే స్విస్ శాస్త్రవేత్తలు ఈ ఊగుడు పద్ధతితోనే 51 పెగాసి అనే నక్షత్రం దగ్గర గ్రహాన్ని పట్టుకున్నారు. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ దొరికిన మొదటి గ్రహం అది. గురుడి బరువులో సగం, కానీ సంవత్సరం 4.2 రోజులే. అంత పెద్ద గ్రహం అంత దగ్గరగా ఉండొచ్చని అప్పటికి దాదాపు ఎవరూ అనుకోలేదు. ఇద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది. 51 పెగాసి గ్రహానికి మూడేళ్ల ముందే, 1992లో, ఒక పల్సర్ చుట్టూ గ్రహాలు దొరికాయి. అది చచ్చిపోయిన నక్షత్రం కాబట్టి జనం నోట ఎక్కువగా నానలేదు.

నీడ గ్రహం సైజు చెబుతుంది. ఊగుడు బరువు చెబుతుంది. రెండూ ఉంటే సాంద్రత వస్తుంది, అది రాయా, గ్యాసా, మధ్యలో ఏదైనా నీటి పొర ఉందా అని అంచనా కట్టొచ్చు. చాలా గ్రహాల గురించి మనకు నిజంగా తెలిసినవి ఈ రెండు మూడు అంకెలే.

మరి వార్తల్లో వచ్చే నీలి సముద్రాలు, మేఘాల ఫొటోలు?

అవన్నీ చిత్రకారులు గీసినవి. నేరుగా ఫొటో తీసిన గ్రహాలు కొన్ని ఉన్నాయి, కానీ అవి ఎక్కువగా గురుడి కంటే పెద్దవి, ఇంకా వేడి చల్లారని కుర్ర గ్రహాలు, తమ నక్షత్రానికి చాలా దూరంగా ఉన్నవి. ఆ ఫొటోల్లోనూ గ్రహం ఒక చుక్కే. పిల్లలకు బొమ్మ చూపించేటప్పుడు "ఇది బొమ్మ" అని ఒక్క మాట చెప్పండి చాలు.

అంత దూరంలో ఏ గ్యాసులున్నాయో ఎలా తెలుస్తుంది?

నాకు ఇష్టమైన ప్రశ్న ఇది. జవాబు మన గుంటూరు నుంచి మొదలవుతుంది కాబట్టి.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఆంధ్ర తీరం మీదుగా వెళ్లింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నంలో పరికరాలు పెట్టుకుని కూర్చున్నారు. సూర్యుడి అంచున లేచే మంటల కాంతిని పట్టకంలాంటి పరికరంతో విడదీసి చూశారు. ప్రతి మూలకమూ కాంతిలో తనకంటూ కొన్ని గీతలు వేస్తుంది. మనిషికి వేలిముద్ర ఎలాగో మూలకానికి ఆ గీతలు అలాగ. పాత వీధి దీపాల పసుపు రంగు సోడియం సంతకం. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీత మాత్రం సోడియం గీత ఉండాల్సిన చోట సరిగ్గా లేదు. తర్వాత లాక్యర్ దాన్ని కొత్త మూలకమని వాదించాడు. దానికి హీలియం అని పేరొచ్చింది. భూమి మీద హీలియాన్ని రామ్సే వేరు చేసి చూపింది 1895లో. ముందు సూర్యుడిలో దొరికి, తర్వాత భూమి మీద దొరికిన మూలకం అది.

ఇప్పుడు జేమ్స్ వెబ్ టెలిస్కోపు చేసేదీ ఆ పనే. గ్రహం తన నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు కాస్తంత నక్షత్ర కాంతి ఆ గ్రహం గాలి పొరలోంచి జల్లెడ పట్టినట్టు వడకట్టుకుని మన దాకా వస్తుంది. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ తమ తమ రంగుల్ని మింగేస్తాయి. ఎక్కడెక్కడ కాంతి తగ్గిందో చూసి ఏది ఉందో చెబుతారు. 6.5 మీటర్ల అద్దంతో 2021 డిసెంబరు 25న వెళ్లిన ఈ టెలిస్కోపు పరారుణ కాంతిలో చూస్తుంది. ఆ గ్యాసుల సంతకాలు ఎక్కువగా ఉండేది అక్కడే. అయినా చిన్న రాతి గ్రహం గాలి పొర ఎంత పల్చగా ఉంటుందంటే, ఒకసారి దాటడం చూస్తే చాలదు, అనేకసార్లు చూసి కలిపితే గానీ ఏమీ తేలదు.

ఆక్సిజన్ కనిపిస్తే అక్కడ ప్రాణులున్నట్టేనా?

భూమి గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉందంటే అది మొక్కల, సూక్ష్మజీవుల చలవే. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందటి దాకా మన గాలిలో అది పెద్దగా లేనే లేదు. అంటే అప్పట్లో ఎవరైనా దూరం నుంచి భూమిని చూసి ఆక్సిజన్ లేదు కాబట్టి జీవం లేదు అనుకుంటే తప్పయ్యేది, ఎందుకంటే సూక్ష్మజీవులు అప్పటికే ఉన్నాయి. తిరగేసి చూసినా చిక్కే. నక్షత్రం నుంచి వచ్చే తీవ్రమైన అతినీలలోహిత కాంతి నీటిని విడగొడితే హైడ్రోజన్ ఎగిరిపోయి ఆక్సిజన్ మిగులుతుంది, ఏ ప్రాణీ లేకుండానే. అందుకే ఒక్క గ్యాసును కాకుండా జంటల్ని వెతుకుతారు. ఆక్సిజన్, మీథేన్ ఒకేచోట ఎక్కువ కాలం ఇమడవు, ఒకదాన్నొకటి తినేస్తాయి. రెండూ కలిసి కనిపిస్తే రెంటినీ ఎవరో, ఏదో నిరంతరం నింపుతూ ఉండాలి.

కె2-18బి మీద జీవం దొరికిందని చదివాను. నిజమేనా?

దొరకలేదు. 2025 ఏప్రిల్‌లో ఈ వార్త వచ్చినప్పుడు క్లాసులో పాఠం సాగలేదు, పిల్లలందరికీ ఇదే మాట. మన దేశంలో పుట్టి కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న నిక్కు మధుసూదన్ బృందం చేసిన పరిశోధన కావడంతో మన దగ్గర ఉత్సాహం ఇంకా ఎక్కువైంది.

ఆ గ్రహం 124 కాంతి సంవత్సరాల దూరంలో, సింహరాశి వైపు ఉంది. కాంతి ఒక ఏడాదిలో పోయే దూరమే కాంతి సంవత్సరం. భూమికి 2.6 రెట్ల సైజు, 8.6 రెట్ల బరువు, 33 రోజుల సంవత్సరం. 2023లో అదే బృందం జేమ్స్ వెబ్‌తో అక్కడ మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయని చూపించింది. వాటిలో మీథేన్ గట్టి ఫలితం. 2025లో చెప్పింది డైమిథైల్ సల్ఫైడ్ అనే పదార్థం, లేదా దానికి దగ్గరి చుట్టం, ఉన్న ఆనవాళ్లు కనిపిస్తున్నాయని. భూమి మీద ఆ పదార్థం ఎక్కువగా సముద్రాల్లోని నాచులాంటి సూక్ష్మజీవుల నుంచి వస్తుంది. అందుకే అంత గోల.

కానీ ఆ ఆనవాలు బలం శాస్త్రవేత్తల భాషలో మూడు సిగ్మాలు. అది కేవలం యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం సుమారు వెయ్యికి మూడు. కనుగొన్నాం అని చెప్పాలంటే ఐదు సిగ్మాలు కావాలి. ఆ సంగతి ఆ బృందమే చెప్పింది. తర్వాత వేరే బృందాలు అదే డేటాను తమ పద్ధతుల్లో లెక్కిస్తే ఆ ఆనవాలు నిలబడలేదు. పైగా ఇదే పదార్థం 67పి అనే తోకచుక్కలోనూ ఉన్నట్టు తేలింది, అక్కడ ప్రాణులేమీ లేవు. ఆ గ్రహం మీద సముద్రం ఉందా, లేక మందమైన హైడ్రోజన్ పొర కింద అంతా ఉడికిపోతోందా అన్నదీ ఇంకా వాదనలోనే ఉంది.

పిల్లల ముఖాలు చిన్నబోయాయి. నాకైతే ఈ కథ బాగా నచ్చింది. ఒకరు ఒక మాట అన్నారు, తమ డేటా అందరి ముందూ పెట్టారు, మిగతావాళ్లు దాన్ని పీకి చూశారు. 124 కాంతి సంవత్సరాల దూరంలోని గాలి గురించి మనుషులు ఇంత పట్టుగా వాదించుకోగలుగుతున్నారంటేనే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అన్నీ ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల దగ్గరే ఎందుకు దొరుకుతున్నాయి?

మన పాలపుంతలో నాలుగింట మూడు వంతుల నక్షత్రాలు అవే కావడం ఒక కారణం. అవి ఎంత మసకవంటే ఒక్కటి కూడా మామూలు కంటికి కనిపించదు. చిన్నవి కాబట్టి చిన్న గ్రహం అడ్డొచ్చినా వెలుగులో తేడా బాగా తెలుస్తుంది. చల్లనివి కాబట్టి నీరు నిలిచే దూరం చాలా దగ్గర్లో ఉంటుంది, అక్కడి సంవత్సరం రోజుల్లో ముగుస్తుంది, ఏళ్లతరబడి ఎదురుచూడక్కర్లేదు.

ప్రాక్సిమా సెంటారి అలాంటిదే. 4.24 కాంతి సంవత్సరాల దూరం. 2016లో దాని చుట్టూ 11.2 రోజులకోసారి తిరిగే గ్రహం బయటపడింది, బరువు కనీసం భూమి అంత. ట్రాపిస్ట్-1 ఇంకా విచిత్రం. 40 కాంతి సంవత్సరాల దూరంలో, కుంభరాశి వైపు, ఒకే చిన్న నక్షత్రం చుట్టూ భూమి సైజుకు దగ్గరగా ఉన్న ఏడు గ్రహాలు. మొత్తం ఏడింటినీ 2017 ఫిబ్రవరిలో ప్రకటించారు. అన్నిటికంటే లోపలిదానికి సంవత్సరం ఒకటిన్నర రోజు, బయటిదానికి 19 రోజులు. మూడు నాలుగు గ్రహాలు నీరు నిలిచే దూరంలోనే ఉన్నాయి.

కష్టమూ అక్కడే ఉంది. అంత దగ్గరగా ఉన్న గ్రహానికి, మనకు చందమామ ఎప్పుడూ ఒకే ముఖం చూపించినట్టు, ఒక వైపే నక్షత్రం కనిపించే అవకాశం ఎక్కువ. ఒక సగం ఎప్పుడూ పగలు, ఇంకో సగం ఎప్పుడూ రాత్రి. మందమైన గాలి ఉంటే వేడి అటు నుంచి ఇటు ప్రవహించి కాస్త సర్దుకుంటుంది. కానీ ఈ నక్షత్రాలు, ముఖ్యంగా చిన్న వయసులో, జ్వాలలు చిమ్ముతాయి, ఆ గాలినే ఊడ్చేయగలవు. ట్రాపిస్ట్-1 లోపలి రెండు గ్రహాలను జేమ్స్ వెబ్ చూసి 2023లో చెప్పింది: మొదటిదానికి చెప్పుకోదగ్గ వాతావరణం కనిపించలేదు, రెండోదానికి శుక్రుడిలాంటి మందమైన కార్బన్ డయాక్సైడ్ పొర లేదు. అందరి కళ్లూ నాలుగోదాని మీద ఉన్నాయి, ఇ అనే అక్షరంతో పిలుస్తారు. దాని గురించి 2025లో వచ్చిన తొలి పరిశీలనలు గాలి ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు.

సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ, భూమి అంత, ఏడాదికోసారి తిరిగేది ఒక్కటీ లేదా?

దగ్గరికి వచ్చినవి ఉన్నాయి. 2015లో ప్రకటించిన కెప్లర్-452బి సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ 385 రోజులకోసారి తిరుగుతుంది. కానీ భూమికి ఒకటిన్నర రెట్ల కంటే పెద్దది, వెయ్యి కాంతి సంవత్సరాలకు పైగా దూరం, బరువు కొలవలేదు. రాతి గ్రహమో కాదో కూడా తెలియదు. ఇప్పటి పరికరాలకు మన భూమిలాంటిదే అన్నిటికంటే కష్టమైన వేట. లేదని కాదు, పట్టే వల ఇంకా అల్లుతున్నారు. యూరప్ వాళ్లు 26 కెమెరాలతో ప్లేటో అనే టెలిస్కోపును సరిగ్గా ఈ పనికే తయారుచేశారు. చిలీలో 39 మీటర్ల అద్దంతో మహా టెలిస్కోపు కడుతున్నారు. నక్షత్రం వెలుగును తెర కట్టి ఆపి పక్కనున్న భూమిలాంటి గ్రహాన్ని నేరుగా చూసే అంతరిక్ష టెలిస్కోపు నాసా ప్రణాళికలో ఉంది. దాని పేరు హ్యాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీ, అది 2040ల మాట. ఇప్పుడు ఆరో తరగతి చదివే పిల్లలు దాని డేటా చూస్తారు.

మనం అక్కడికి వెళ్లగలమా?

ఇప్పుడున్న రాకెట్లతో వెళ్లలేం. ఒక కాంతి సంవత్సరం అంటే 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. 1977లో బయల్దేరిన వాయేజర్-1 సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అదే వేగంతో ప్రాక్సిమా దూరం దాటాలంటే సుమారు 75,000 ఏళ్లు.

ఈ కొత్త గ్రహాలకు జాతకంలో చోటుందా?

ఒక పెద్దావిడ మనవరాలి చేయి పట్టుకుని చాలా శ్రద్ధగా అడిగారు ఈ ప్రశ్న. మన నవగ్రహాల్లో సూర్యుడు, చంద్రుడు ఉన్నారు, రాహుకేతువులూ ఉన్నారు. ఖగోళశాస్త్రంలో సూర్యుడు నక్షత్రం, చంద్రుడు ఉపగ్రహం, రాహుకేతువులు చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువులు. "గ్రహం" అన్న మాట రెండు చోట్లా ఒకటే, అర్థాలు వేరు. ఇక్కడ మాట్లాడుతున్న గ్రహాలు వేరే సూర్యుళ్లవి.

హైదరాబాద్ నుంచి వీటిలో ఏదైనా కనిపిస్తుందా?

గ్రహం కనిపించదు, గ్రహం ఉన్న నక్షత్రం కనిపిస్తుంది. అది చూపించినప్పుడు జనంలో వచ్చే మార్పు నేను ప్రతిసారీ గమనిస్తాను, ఒక్కసారిగా మాటలు ఆగిపోతాయి.

నగరంలోంచి చూడడానికి అన్నిటికంటే సులువైనది పునర్వసు. ఫిబ్రవరి మధ్యలో రాత్రి పది గంటలకు తలెత్తితే దాదాపు నడినెత్తిన, కొంచెం ఉత్తరంగా, రెండు చుక్కలు పక్కపక్కన ఉంటాయి. వాటిలో కాస్త ఎక్కువ వెలుగుతో, లేత నారింజ రంగులో ఉన్నదాన్ని పొలక్స్ అంటారు. 34 కాంతి సంవత్సరాల దూరం. దాని చుట్టూ గురుడి కంటే బరువైన గ్రహం ఒకటి 590 రోజులకోసారి తిరుగుతోందని 2006లో తేలింది. అక్కడ బతికే పరిస్థితి లేదు. కానీ కూకట్‌పల్లి లైట్ల మధ్య మేడ మీద నిలబడి కూడా "అదిగో, దానికో గ్రహం ఉంది" అని వేలు పెట్టి చూపించొచ్చు.

దక్షిణాన ఉన్న మనకు ఇంకో అదృష్టం ఉంది. ప్రాక్సిమాకు అన్నల్లాంటి ఆల్ఫా సెంటారి జంట హైదరాబాద్ ఆకాశంలో దక్షిణ దిక్కున 12 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. మే నెల మధ్యలో రాత్రి పదకొండు గంటలకు, దక్షిణం వైపు భవనాలు అడ్డు లేని మేడ ఎక్కితే కనిపిస్తుంది. చాచిన చేతి పిడికిలి ఎత్తు కంటే కొంచెం పైన, అంతే. ఢిల్లీ వాళ్లకు అది క్షితిజాన్ని అంటుకునే ఉంటుంది, కనిపించడం దాదాపు అసాధ్యం. ప్రాక్సిమా మాత్రం పక్కనే ఉన్నా కంటికి కనిపించదు, దానికి టెలిస్కోపు కావాలి. జూన్‌లో మబ్బులు కమ్మేలోపే చూడండి.

చుక్కలు నిజంగా చూడాలంటే అమావాస్య దగ్గర్లో వికారాబాద్ వైపు, అనంతగిరి కొండల దాకా పోండి. నగరంలో వేళ్ల మీద లెక్కపెట్టే చుక్కలు అక్కడ చీరంతా చల్లిన జరీలా ఉంటాయి.

ఈ ఊరికీ ఆకాశానికీ ఏమైనా సంబంధం ఉందా?

చాలా ఉంది, మనవాళ్లకే తెలియదని నా బాధ. నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి 1901లో ఫిసల్‌బండ దగ్గర అబ్జర్వేటరీకి పునాది వేశారు. ఆరో నిజాం అనుమతితో దానికి నిజామియా అన్న పేరు వచ్చింది. ఆయన పోయాక అది బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ప్రపంచంలోని కొన్ని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని ఫొటో ప్లేట్ల మీద నక్షత్రాల పట్టిక తయారుచేస్తే, ఆ పనిలో హైదరాబాద్‌కూ వాటా దక్కింది. ఒక్కో చుక్క స్థానాన్ని కళ్లు పొడిచేలా కొలిచి రాసుకున్నారు. దేశంలో ఆధునిక ఖగోళశాస్త్రానికి దారి వేసిన వేణు బాపు ఇక్కడే నిజాం కాలేజీలో చదివారు. ఆయన తండ్రి నిజామియాలో పనిచేసేవారు.

తర్వాత ఉస్మానియా వాళ్లు నగరం వెలుగుకు దూరంగా జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి చూశారు. ఇక పిల్లల్ని తీసుకెళ్లడానికి నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం 1985 నుంచి ఉండనే ఉంది.

మన దేశం నుంచి ఎవరైనా గ్రహాన్ని కనిపెట్టారా?

కనిపెట్టారు. అహ్మదాబాద్ ఫిజికల్ రిసెర్చ్ లాబొరేటరీ వాళ్లు మౌంట్ ఆబూలో పారస్ అనే పరికరంతో ఊగుడు కొలుస్తారు. 2018లో సుమారు 600 కాంతి సంవత్సరాల దూరంలో, భూమికి 27 రెట్ల బరువు, 6 రెట్ల సైజు ఉన్న గ్రహాన్ని ప్రకటించారు. ఆ తర్వాత ఇంకొన్ని వచ్చాయి. ఇప్పుడు అక్కడే 2.5 మీటర్ల టెలిస్కోపుకు పారస్-2 బిగించారు.

2019లో మరో చక్కని పని జరిగింది. అంతర్జాతీయ ఖగోళ సంఘం ఒక్కో దేశానికి ఒక్కో నక్షత్రం, గ్రహం ఇచ్చి పేర్లు పెట్టమంది. మన వంతుకు వచ్చిన నక్షత్రానికి భౌతిక శాస్త్రవేత్త బిభా చౌధురి పేరు మీద బిభ అని, దాని గ్రహానికి సంతమస అని పేర్లు ఖాయమయ్యాయి.

మా పాపకు టెలిస్కోపు కొనమంటారా?

వెంటనే వద్దు. ముందు ఒక బైనాక్యులర్, ఒక ఏడాది ఆకాశం. పునర్వసు, రోహిణి, మఖ, చిత్త ఎక్కడున్నాయో పాప తనంతట తాను చూపించగలిగిన రోజున కొనండి.

గ్రహాల వేటే చేయాలనుకుంటే టెలిస్కోపు లేకుండానూ చేయొచ్చు. టెస్ డేటా ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ప్లానెట్ హంటర్స్ అనే వెబ్‌సైట్‌లో నక్షత్రాల వెలుగు గ్రాఫులు చూపిస్తారు, ఎక్కడ గుంట పడిందో మీరు గుర్తించాలి. కెప్లర్ డేటాలో అలా మామూలు జనం గుర్తించిన ఒక గ్రహం 2012లో ప్రకటితమైంది. అది నాలుగు నక్షత్రాలున్న కుటుంబంలో ఉంది.

ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలి?

ఫిజిక్స్, లెక్కలు, కంప్యూటర్ ప్రోగ్రామింగ్. ఈ మూడూ గట్టిగా ఉండాలి. ఎంపీసీ తర్వాత బీఎస్సీ ఫిజిక్స్ చేసి ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్ రాయొచ్చు, ఐసర్‌లనే కేంద్ర సైన్సు విద్యాసంస్థల్లో చేరొచ్చు, ఇంజనీరింగ్ చేసి కూడా రావొచ్చు. ఉస్మానియాలో ఖగోళశాస్త్ర విభాగమే ఉంది. పీహెచ్‌డీకి జెస్ట్ అనే పరీక్ష ద్వారా బెంగళూరు, పుణె, అహ్మదాబాద్, ముంబైలోని సంస్థలు తీసుకుంటాయి. తల్లిదండ్రులకు ఒక మాట: నక్షత్రాల డేటాతో పనిచేసిన పిల్లలకు పెద్ద డేటాను విడమరిచి చూడడం చేతిలో పనిగా వస్తుంది. ఉద్యోగం గురించి అంత టెన్షన్ అక్కర్లేదు.

అక్కడెవరైనా ఉంటే వాళ్లకు మనం కనిపిస్తామా?

ఏడో తరగతి అబ్బాయి అడిగాడు ఇది, నేను ఆ రాత్రి ఇంటికి వచ్చి లెక్కలు చదువుకున్నాక మర్నాడు చెప్పాను.

మనం వాళ్ల నీడ చూసినట్టే వాళ్లూ మన నీడ చూడాలంటే, భూమి కక్ష్య అంచు వాళ్లకు కనిపించే చోట ఉండాలి. ఆ చోట్లన్నీ ఆకాశంలో ఒక సన్నని పట్టీలా ఉంటాయి, మన మేషం నుంచి మీనం దాకా రాశుల మధ్యగా సూర్యుడు నడిచే దారి వెంట. 2021లో ఇద్దరు శాస్త్రవేత్తలు నక్షత్రాల కదలికలు కూడా లెక్కగట్టి చూశారు. 326 కాంతి సంవత్సరాల లోపల, గత 5,000 ఏళ్లలో భూమి సూర్యుడి ముందు దాటడం చూడగలిగే స్థానంలోకి వచ్చిన నక్షత్రాలు 1,715. రాబోయే 5,000 ఏళ్లలో ఇంకో 319 వస్తాయి.

ఆ రాబోయేవాటిలో కుంభరాశిలోని ట్రాపిస్ట్-1 ఉంది. ఇంకో 1,642 ఏళ్లకు అది ఆ పట్టీలోకి జరుగుతుంది. అప్పుడు ఆ ఏడు గ్రహాల్లో దేని మీదైనా మన కెప్లర్‌లాంటి పరికరం పెట్టుకుని ఎవరైనా చూస్తూ ఉంటే, ఒక మామూలు పసుపు నక్షత్రం వెలుగు కొన్ని గంటలపాటు పది లక్షల్లో 84 వంతులు తగ్గి, మళ్లీ మామూలవుతుంది. ఒక్కసారికి నమ్మరు. 365 రోజుల తర్వాత మళ్లీ తగ్గుతుంది. మూడోసారి కోసం ఇంకో ఏడాది ఎదురుచూస్తారు.